గోదావరి డెల్టాలో పనిచేయబోయే గైనకాలజిస్టుకు శస్త్రచికిత్స ఫెలోషిప్: ఎంపిక నుంచి సొంత థియేటర్ దాకా సమగ్ర మార్గదర్శి

ఎం.ఎస్. లేదా డీఎన్‌బీ గైనకాలజీ పూర్తిచేసి, కాకినాడ, అమలాపురం, రాజమహేంద్రవరం, భీమవరం, ఏలూరు ప్రాంతాలలో స్థిరపడాలనుకునే యువ వైద్యులు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉంది. క్యాన్సర్ కాని స్త్రీ వ్యాధులకు, అంటే ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డలు), ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపొర వంటి కణజాలం బయట పెరగడం), అడినోమయోసిస్ (అదే కణజాలం గర్భసంచి కండరంలోకి చొచ్చుకోవడం), అండాశయ తిత్తులు, గర్భసంచి జారడం, అధిక రక్తస్రావం వంటి వాటికి చేసే శస్త్రచికిత్సలలో పైస్థాయి శిక్షణ, అంటే ఫెలోషిప్, ఎక్కడ తీసుకోవాలి, ఎలా తీసుకోవాలి అన్నదే ఆ ప్రశ్న. దరఖాస్తుకు ముందు చేయవలసిన పని మొదలుకొని, తిరిగి వచ్చి సొంత ఊళ్లో మొదటి కేసు చేసేవరకు అన్ని దశలనూ ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

దశలలోకి వెళ్లే ముందు ఒక లెక్కను మనసులో ఉంచుకోవాలి. 2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3.2 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు. అది దేశంలోకెల్లా ఎక్కువ. అందువల్ల, గర్భసంచిని చిన్న రంధ్రాల గుండా తొందరగా తీయడం మాత్రమే నేర్పి పంపే ఫెలోషిప్ మన ప్రాంతానికి మేలు చేయదని నా దృఢమైన అభిప్రాయం. ఎప్పుడు తీయకూడదో, తీయకుండా ఏం చేయవచ్చో, తీయక తప్పనప్పుడు ఏ మార్గంలో తీయాలో ఈ మూడూ నేర్పేదే మనకు కావలసిన శిక్షణ.

మొదటి దశ: ఏం నేర్చుకోవాలో తేల్చుకోవడం

ఫెలోషిప్ పేరు చూసి కాకుండా, మీ ఓపీకి రాబోయే రోగులను చూసి నిర్ణయం తీసుకోండి. డెల్టాలో ఏ గైనిక్ ఓపీలో కూర్చున్నా కనిపించే ఒక కేసును తీసుకుందాం. ముప్పై ఎనిమిదేళ్ల స్త్రీ, ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే, రెండోదానితోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయిపోయింది. వరినాట్లకో, రొయ్యల షెడ్డుకో కూలికి వెళుతుంది. నెలసరి ఎక్కువగా అవుతోందని, నడుము నొప్పి అని, తెల్లబట్ట అని వస్తుంది. చేతిలో ఉన్న స్కాన్ రిపోర్టు చివరి వరుసలో ‘బల్కీ యూటరస్’ (గర్భసంచి కాస్త పెద్దదిగా ఉంది) అని ఉంటుంది. ఆ ఒక్క వరుసకు భయపడి, ‘క్యాన్సర్ రాకముందే తీయించేయండమ్మా’ అని ఎవరో చెప్పిన మాటను నమ్మి, ఆపరేషన్‌కు సిద్ధపడే వచ్చి ఉంటుంది.

ఆమెకు కావలసినవి వరుసగా ఇవి: హిమోగ్లోబిన్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష, గర్భసంచి ముఖద్వారం పరీక్ష, అవసరమైతే ఎండోమెట్రియల్ బయాప్సీ, ఆ తరువాత కారణాన్ని బట్టి వైద్యం. అసాధారణ రక్తస్రావపు కారణాలను వర్గీకరించడానికి అంతర్జాతీయ గైనకాలజిస్టుల సమాఖ్య ఫిగో 2011లో ప్రకటించిన పామ్-కోయిన్ పద్ధతిని ప్రతి కేసుషీటు మీదా రాసే అలవాటు ఉన్న విభాగంలో శిక్షణ పొందితే, ఈ క్రమం చేతికి వచ్చేస్తుంది. 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉన్న హార్మోన్ కాయిల్, రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ ఆమ్లం, హిస్టెరోస్కోపీ (యోని మార్గం గుండా గర్భసంచి లోపలికి కెమెరా పంపే పద్ధతి) ద్వారా పాలిప్ లేదా చిన్న ఫైబ్రాయిడ్‌ను తీసివేయడం వంటివాటితో ఎంతోమంది గర్భసంచిని కాపాడవచ్చు. తీయక తప్పని పరిస్థితిలో కూడా, నెలసరి ఇంకా ఆగని స్త్రీకి ఆరోగ్యంగా ఉన్న అండాశయాలను తీసివేస్తే ఎముకల మీద, గుండె మీద పడే ప్రభావం దీర్ఘకాలికమైనదని మరచిపోకూడదు.

అనవసర హిస్టెరెక్టమీల (గర్భసంచి తొలగింపుల) నివారణకు కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఫెలోషిప్ ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఈ రెండింటినీ చదవండి. ఇంటర్వ్యూలో అడుగుతారని కాదు, మీ ప్రాక్టీసుకు పునాది అవే గనుక.

రెండో దశ: పీజీ రోజులలోనే మొదలుపెట్టవలసిన సాధన

ఫెలోషిప్‌లో చేరాక చేతులు తిప్పడం నేర్చుకుందామనుకునేవారు మొదటి ఆరు నెలలూ కెమెరా పట్టుకునే గడిపేస్తారు. ప్రాథమిక నైపుణ్యం ముందే ఉన్నవారికి గురువు సూది తొందరగా అందిస్తారు. ఒక ప్లాస్టిక్ డబ్బాకు పైన రెండు రంధ్రాలు చేసి, లోపల చిన్న లైటు, పైన మొబైల్ ఫోను కెమెరా అమర్చుకుంటే ఇంట్లోనే అభ్యాసపు పెట్టె సిద్ధమవుతుంది. లాప్రోస్కోపీకి, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే శస్త్రచికిత్సకు, వాడి పాతబడి పక్కన పెట్టిన నీడిల్ హోల్డరు, కణజాలాన్ని పట్టుకునే గ్రాస్పరు ఏ థియేటర్‌లో అడిగినా దొరుకుతాయి.

అమెరికాలో శస్త్రవైద్యులకు పెట్టే ఎఫ్‌ఎల్‌ఎస్ పరీక్షలో ఐదు పనులు ఉంటాయి: మేకుల మీది వస్తువులను ఒక చేతి నుంచి మరో చేతికి మార్చి పెట్టడం, గుడ్డ మీద గీసిన వృత్తాన్ని కత్తిరించడం, లూప్ ముడి బిగించడం, బయట ముడివేసి లోపలికి నెట్టడం, లోపలే ముడివేయడం. ఐరోపా గైనిక్ ఎండోస్కోపీ సంఘం నడిపే గెసియా కార్యక్రమంలో కెమెరా తిప్పడం, రెండు చేతుల సమన్వయం, కుట్లు వేయడం, హిస్టెరోస్కోపీ నైపుణ్యం విడివిడిగా పరీక్షిస్తారు. వీటన్నింటిలో లోపలే ముడివేయడం ఒక్కటి రోజుకు అరగంట చొప్పున కొన్ని నెలలపాటు చేయండి, మిగిలినవి దాని వెంట వస్తాయి. ఎడమ చేత్తో కూడా అంతే తేలికగా సూది పట్టగలిగే వరకు ఆపవద్దు.

ఇంకొక విషయం. మన ప్రభుత్వ బోధనాసుపత్రులకు లంక గ్రామాల నుంచి, మన్యం నుంచి గర్భసంచి జారిన స్త్రీలు వస్తారు. వారికి యోని మార్గంలో చేసే ఆపరేషన్లలో పీజీగా ఉన్నప్పుడే వీలైనన్నిసార్లు చేయి కలపండి. పెద్ద నగరాల ఎండోస్కోపీ కేంద్రాలలో ఆ అవకాశం అరుదు.

మూడో దశ: ఫెలోషిప్ రకాలు

మన దేశంలో ప్రధానంగా మూడు దారులు ఉన్నాయి. జాతీయ వైద్య పరీక్షల బోర్డు నడిపే ఎఫ్‌ఎన్‌బీ కోర్సులకు ఫెలోషిప్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఏ కోర్సుకు ఏ పీజీ డిగ్రీవారు అర్హులో ఆ సంవత్సరపు సమాచార పత్రికలో చూసుకున్న తరువాతే ఫీజు కట్టండి. రెండోది, రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయాల అనుమతితో ఆసుపత్రులు నడిపే ఫెలోషిప్‌లు. కర్ణాటక, మహారాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఇటువంటివి చాలాకాలంగా నడుపుతున్నాయి. మూడోది, ప్రైవేటు ఎండోస్కోపీ కేంద్రాలు సొంతంగా, లేదా దేశంలోని గైనకాలజిస్టుల సంఘాల సమాఖ్య ఫాగ్సి, భారతీయ గైనిక్ ఎండోస్కోపిస్టుల సంఘం వంటి సంస్థల గుర్తింపుతో ఇచ్చే శిక్షణ. వీటి కాలవ్యవధి కొన్ని వారాల నుంచి ఏడాది దాకా ఉంటుంది.

విదేశాలలో అమెరికాలోని గైనిక్ లాప్రోస్కోపీ వైద్యుల సంఘం ఏఏజీఎల్ పర్యవేక్షించే ఫెలోషిప్ రెండేళ్లు ఉంటుంది, అయితే దానికి అక్కడి రెసిడెన్సీ దారి అవసరం. బ్రిటన్‌కు వెళ్లాలనుకునేవారికి మెడికల్ ట్రైనింగ్ ఇనిషియేటివ్ అనే పథకం ఉంది, దానిలో గరిష్ఠంగా రెండేళ్లు పనిచేసి తిరిగి రావాలి.

వారం, పది రోజుల కోర్సులను ఫెలోషిప్ అనుకోవద్దు. పరిచయానికి అవి పనికి వస్తాయి, అంతవరకే. మరొక జాగ్రత్త ఏమిటంటే, చేతికి వచ్చిన సర్టిఫికెట్‌ను నేమ్‌బోర్డు మీద రాయించుకునే ముందు, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ దానిని ఏ విధంగా పరిగణిస్తుందో లిఖితపూర్వకంగా తెలుసుకోండి.

నాలుగో దశ: కేంద్రాన్ని పరీక్షించి ఎంచుకోవడం

అన్నింటికన్నా ఎక్కువ సమయం పెట్టవలసిన దశ ఇదే. కేంద్రం పేరు, గోడల మీది ఫొటోలు, సదస్సులలో ప్రత్యక్ష ప్రసారమైన ఆపరేషన్లు చూసి మోసపోవద్దు. అక్కడ ప్రస్తుతం చేస్తున్న ఫెలోతోనూ, ఏడాది క్రితం పూర్తిచేసి వెళ్లిన ఫెలోతోనూ విడిగా మాట్లాడండి. వెళ్లిపోయినవారి మాటకు విలువ ఎక్కువ, ఎందుకంటే తన ఊళ్లో ఒంటరిగా ఏం చేయగలుగుతున్నారో వారే చెప్పగలరు.

అడగవలసిన మొదటి ప్రశ్న, ‘నెలకు ఎన్ని కేసులు జరుగుతాయి?’ అన్నది కాదు, ‘వాటిలో ఫెలో తన చేత్తో మొదటి నుంచి చివరి వరకు చేసేవి ఎన్ని?’ అన్నది. ఏడాదికి వెయ్యి ఆపరేషన్లు జరిగే చోట పక్కన నిలబడి చూడటం కంటే, రెండు వందలు జరిగే చోట అందులో ముప్పై సొంతంగా చేయడం మేలు. తరువాత, ఆపరేషన్‌కు ముందు ఓపీలో రోగిని చూసి నిర్ణయం తీసుకునే చోట ఫెలోను కూర్చోబెడతారా అని అడగండి. థియేటర్‌కే పరిమితం చేసే కేంద్రాలలో, ఆపరేషన్ వద్దని చెప్పి పంపిన రోగులు ఫెలో కంట పడరు. మన ప్రాంతానికి కావలసిన చదువులో సగం అక్కడే పోతుంది.

ఇంకా తెలుసుకోవలసినవి ఉన్నాయి. ఆపరేషన్‌లో సమస్య వచ్చిన కేసులను నెలకొకసారి కూర్చుని నిజాయితీగా చర్చిస్తారా? క్లావియన్-డిండో పద్ధతిలో వాటి తీవ్రతను నమోదు చేస్తారా? యోని మార్గంలో, జారని గర్భసంచిని కూడా తీయడం నేర్పుతారా? రోబో ఒక్కటే వాడే చోటికి వెళితే, తిరిగి వచ్చాక తణుకులోనో, పాలకొల్లులోనో ఆ నైపుణ్యంతో ఏం చేయగలరో ముందే ఆలోచించుకోండి. స్టైపెండ్ ఎంత, ఫీజు ఎంత, రాత్రి డ్యూటీలు కాన్పుల వార్డులోనా అన్నవి కూడా సంకోచించకుండా అడగాలి. ఫెలో పేరుతో తీసుకుని కాన్పుల డ్యూటీలకే వాడుకునే చోట్లు లేకపోలేదు.

ఐదో దశ: మొదటి నెలలలో ప్రవేశం, శక్తి పరికరాలు, హిస్టెరోస్కోపీ

లాప్రోస్కోపీలో జరిగే పెద్ద ప్రమాదాలలో అధిక భాగం మొదటి కొన్ని నిమిషాలలో, పొట్టలోకి ప్రవేశించేటప్పుడే జరుగుతాయి. కాబట్టి తొలి నెలల శ్రద్ధంతా అక్కడే ఉండాలి. ప్రవేశ సమయంలో టేబుల్ సమతలంగా ఉండాలి, తల కిందికి వంచడం తరువాతి పని. పొట్టలోకి గ్యాసు నింపే వెరెస్ సూది వేశాక మొదట కనిపించే పీడనం 8 నుంచి 10 మిల్లీమీటర్ల లోపు ఉందో లేదో చూడాలి. పరికరాలు పంపే మొదటి గొట్టం, అంటే ట్రోకార్, వేసేముందు పీడనాన్ని 20 నుంచి 25 వరకు తీసుకువెళ్లి, తరువాత 12 నుంచి 15కు తగ్గించి ఆపరేషన్ కొనసాగించాలి.

ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో సిజేరియన్ కాన్పులు 42.4 శాతంగా తేలాయి. అంటే మీ టేబుల్ మీదికి వచ్చే స్త్రీలలో చాలామందికి పాత కుట్ల మచ్చ ఉంటుంది. నాభి కింద నిలువు మచ్చ ఉన్నప్పుడు అక్కడే సూది గుచ్చకుండా, ఎడమ పక్కటెముకల అంచుకు 3 సెంటీమీటర్లు దిగువన, కాలర్ ఎముక మధ్య నుంచి దిగే రేఖ మీద ఉండే పామర్ బిందువు నుంచి ప్రవేశించడం బాగా సాధన చేయండి. అంతకుముందు ముక్కు గుండా వేసే రైల్స్ ట్యూబుతో జీర్ణాశయాన్ని ఖాళీ చేయాలి, ప్లీహం పెద్దదిగా లేదని నిర్ధారించుకోవాలి. ఈ ఒక్క నైపుణ్యం మన ప్రాంతపు రోగులకు ఎంత అవసరమో తిరిగి వచ్చాక మొదటి నెలలోనే తెలుస్తుంది.

కరెంటు వేడితో కోసే, రక్తం ఆపే శక్తి పరికరాల విషయంలో, బైపోలార్ ఎంత దూరం వేడిని వ్యాపింపజేస్తుందో, మోనోపోలార్ ఇన్సులేషన్ పగిలితే కాలేది ఎక్కడో తెలియకుండా పెడల్ మీద కాలు పెట్టవద్దు. హిస్టెరోస్కోపీలో ద్రవం లెక్క ప్రాణంతో సమానం. బైపోలార్‌తో సెలైన్ వాడేటప్పుడు ఆరోగ్యవంతురాలికి 2,500 మిల్లీలీటర్ల లోటు, మోనోపోలార్‌తో గ్లైసిన్ వాడేటప్పుడు 1,000 మిల్లీలీటర్ల లోటు గరిష్ఠ హద్దులు. వృద్ధులకు, గుండె జబ్బు ఉన్నవారికి అంతకంటే తక్కువ. లోపలికి వెళ్లింది ఎంత, బయటికి వచ్చింది ఎంత అని పది నిమిషాలకొకసారి గట్టిగా చెప్పే పనిని ఒక నర్సుకు ప్రత్యేకంగా అప్పగించండి, ఆమె చెప్పింది వినండి.

ఆరో దశ: అసలైన ఆపరేషన్లు

హిస్టెరెక్టమీని ముక్కలుగా విడదీసి నేర్చుకోవాలి. ముందు రౌండ్ లిగమెంటు, బ్రాడ్ లిగమెంటు తెరవడం, తరువాత మూత్రాశయాన్ని కిందికి దించడం, ఆపైన గర్భాశయ ధమని, చివరికి యోని పైభాగం కోయడం, కుట్టడం. ఒక్కొక్క భాగం గురువు సంతృప్తి చెందేవరకు చేసి, అప్పుడు మొత్తం కేసు అడగండి.

ఈ ఆపరేషన్‌లో యురేటర్‌ను (మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వెళ్లే గొట్టాన్ని) చూడటం నేర్చుకోనివారు ఎన్ని కేసులు చేసినా నేర్చుకోనట్లే. కటి అంచు దగ్గర, ఇలియాక్ ధమని రెండుగా చీలేచోట అది దాటి లోపలికి వస్తుంది. అక్కడి నుంచి బ్రాడ్ లిగమెంటు లోపలి పొరకు అంటుకుని దిగి, గర్భాశయ ధమని కిందుగా, ముఖద్వారానికి రెండు సెంటీమీటర్ల లోపే పక్కగా సాగి మూత్రాశయాన్ని చేరుతుంది. పలుచని పొర వెనుక తెల్లని గొట్టంలా కనిపిస్తుంది, కానీ రంగును నమ్మవద్దు. గ్రాస్పరు అంచుతో మెల్లగా తాకి, కొన్ని క్షణాలు కదలకుండా ఆగితే, వానపాము పాకినట్లు పైనుంచి కిందికి ఒక అల కదులుతుంది. ఆ కదలిక కనిపించినప్పుడే అది యురేటర్ అని ఖాయం చేసుకోవాలి. రక్తనాళం కొట్టుకుంటుంది, ఇలా పాకదు. ఫెలోషిప్ మొత్తంలో ప్రతి కేసులోనూ, అవసరం లేదనిపించినా, రెండు వైపులా దీనిని చూసి, చూశానని పైకి చెప్పి, ఆ తరువాతే ముందుకు వెళ్లడం నియమంగా పెట్టుకోండి.

సిజేరియన్ అయినవారిలో మూత్రాశయం గర్భసంచికి అతుక్కుని ఉంటుంది. మధ్యలో గుడ్డతో నెట్టకుండా, పక్క నుంచి వచ్చి కత్తెరతో విడదీయాలి. సందేహం వస్తే మూత్రాశయంలోకి మిథిలీన్ బ్లూ కలిపిన సెలైన్ ఎక్కించి హద్దు తెలుసుకోవాలి. మూత్రాశయానికి గాయమైతే వెంటనే గుర్తించి కుట్టినప్పుడు అది సాధారణంగా మానిపోతుంది, గుర్తించకుండా వదిలేస్తేనే ఫిస్టులా (మూత్రం కారే అసహజ దారి) అవుతుంది. మూత్రాశయం లోపలికి కెమెరా పంపి చూసే సిస్టోస్కోపీ చేయడం కూడా ఫెలోషిప్‌లోనే నేర్చుకుని రండి.

గర్భసంచిని ఉంచి ఫైబ్రాయిడ్లను మాత్రమే తీసే మయోమెక్టమీ వేరే విద్య. ఫిగో వర్గీకరణలో 0, 1, 2 రకాల ఫైబ్రాయిడ్లను హిస్టెరోస్కోపీతో, గోడలో ఉన్నవాటిని లాప్రోస్కోపీతో లేదా పొట్ట తెరిచి తీస్తారు. గడ్డను పెకలించి తీయడం సులువైన భాగం, మిగిలిన గుంటను పొరలు పొరలుగా ఖాళీ లేకుండా కుట్టడంలోనే శస్త్రవైద్యుని స్థాయి తెలుస్తుంది. రక్తస్రావం తగ్గించే వాసోప్రెసిన్ ఇచ్చేముందు, 20 యూనిట్లను కనీసం 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో పలుచన చేసి, సూదిని వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసి, మత్తు వైద్యునికి చెప్పి మరీ ఇవ్వాలి. గడ్డను ముక్కలు చేసి బయటికి తీసే మార్సెలేటర్ వల్ల, ఫైబ్రాయిడ్ అనుకున్నది సార్కోమా అనే క్యాన్సర్ అయిన పక్షంలో అది పొట్టంతా వ్యాపించే ప్రమాదం ఉందని అమెరికా ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. అందుచేత సంచిలో పెట్టి ముక్కలు చేసే పద్ధతి నేర్పే చోటునే ఎంచుకోండి.

యోని మార్గం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. వీలైన ప్రతి సందర్భంలోనూ యోని మార్గపు హిస్టెరెక్టమీయే మేలని అమెరికా గైనకాలజిస్టుల కళాశాల 2017లో స్పష్టంగా ప్రకటించింది. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు, పొట్ట మీద మచ్చ ఉండదు, కోలుకోవడం త్వరగా జరుగుతుంది. చిన్న పట్టణంలో పనిచేసే గైనకాలజిస్టుకు ఇంతకన్నా గొప్ప ఆస్తి లేదు.

ఏడో దశ: లాగ్‌బుక్, వీడియోలు, అనుమతి పత్రం

ప్రతి కేసుకూ నిర్ణయానికి కారణం, పాథాలజీ రిపోర్టు, మీరు చేసిన భాగం, రక్తనష్టం, తరువాతి సమస్య, ఈ ఐదూ రాయండి. పాథాలజీ రిపోర్టు వచ్చాక నిర్ణయానికి కారణంతో పోల్చి చూడటం చాలామంది చేయరు. గర్భసంచి తీశాక రిపోర్టులో ఏ జబ్బూ కనపడని కేసులు ఎక్కువవుతున్నాయంటే, లోపం చేతిలో లేదు, నిర్ణయంలో ఉంది. రోగి పేరు తీసివేసిన వీడియోలను మళ్లీ చూసుకోవడం, వాటిలో అనవసరపు కదలికలను గుర్తించడం మరో సాధన.

అనుమతి తీసుకునే పని ఫెలోదే అవుతుంది కాబట్టి, పరీక్ష కోసం చేసే లాప్రోస్కోపీకి ఇచ్చిన సమ్మతి అవయవాలు తీసివేయడానికి సమ్మతి కాదని 2008లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును గుర్తుంచుకోండి. అత్తగారో, భర్తో తల ఊపడం చాలదు. ఆమెకు ఆమె భాషలో చెప్పి, ఆమె చేతే సంతకం చేయించాలి.

ఎనిమిదో దశ: తిరిగి వచ్చి థియేటర్ ఏర్పాటు

ఇక్కడ తప్పటడుగులు పడేది యంత్రాల ఎంపికలో కన్నా స్టెరిలైజేషన్‌లో ఎక్కువ. పరికరాలను 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో ఇరవై నిమిషాలు ముంచి, మరిగించిన నీటితో కడిగి, మరో కేసుకు వాడే అలవాటు ఇంకా ఉంది. అంతసేపు ముంచితే క్రిములు చాలావరకు తగ్గుతాయి తప్ప పూర్తి స్టెరిలైజేషన్ కాదు, దానికి ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. ఫలితంగా ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు, గాయం పూర్తిగా మానిందనుకున్నాక, పరికరాలు పెట్టిన రంధ్రం (పోర్టు) దగ్గర చిన్న గడ్డ లేచి చీము కారుతుంది. సాధారణ యాంటీబయాటిక్స్‌కు తగ్గదు. నీటిలో ఉండే అటిపికల్ మైకోబాక్టీరియా దీనికి కారణం, వైద్యం నెలల తరబడి సాగుతుంది. పరికరాలను పూర్తిగా విడదీసి, బ్రష్‌తో శుభ్రం చేసి, ఆటోక్లేవ్‌కు తట్టుకునేవి ఆటోక్లేవ్‌లో, మిగిలినవి ప్లాస్మా లేదా ఈటీఓ (ఎథిలీన్ ఆక్సైడ్ వాయువు) పద్ధతిలో చేయించండి. కెమెరా కంటే ముందు దీనికి డబ్బు కేటాయించండి.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు ఎప్పుడూ రెండు ఉండాలి. పొట్టలోకి గ్యాసు పంపే ఇన్సఫ్లేటరు, లైటు, మానిటరు మూడింటికీ కరెంటు పోయిన క్షణంలో పనిచేసే యూపీఎస్ ఉండాలి, జనరేటరు అందుకునే లోపు కూడా ఆపరేషన్ చీకట్లో ఆగకూడదు. పొట్ట తెరిచే సెట్టు ప్రతి కేసుకూ పక్కనే సిద్ధంగా ఉంచండి. లాప్రోస్కోపీ నుంచి ఓపెన్‌కు మారడం ఓటమి కాదని మీ సిబ్బందికీ, రోగి కుటుంబానికీ ముందే చెప్పండి.

రక్తహీనతతో వచ్చిన స్త్రీని అదే వారం టేబుల్ ఎక్కించవద్దు. ప్రొజెస్టోజన్ హార్మోనుతో రక్తస్రావం ఆపి, ఐరన్ ఇంజెక్షన్‌తో హిమోగ్లోబిన్ పెంచి, అప్పుడు తేదీ ఇవ్వండి. ఆ తేదీని ఆమె పని రోజులను అడిగి నిర్ణయించండి. సార్వా నాట్లకు ముందు ఆపరేషన్ చేసి, ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువులు ఎత్తవద్దు, వంగి పనిచేయవద్దు అని చెబితే, కూలి పోతుందని ఆమె వినదు. యోని పైభాగపు కుట్లు విడిపోయే ప్రమాదం అప్పుడే ఉంటుంది. నాట్లు ముగిశాక చేసే వీలున్న కేసును నాట్లు ముగిశాకే చేయండి. గల్ఫ్‌కు తిరిగి వెళ్లవలసిన స్త్రీలకు కూడా టికెట్ తేదీ ముందే అడగాలి.

మొదటి ఆరు నెలలకు కేసుల వరుసను మీరే గీసుకోండి. మొదట హిస్టెరోస్కోపీ, యోని మార్గపు హిస్టెరెక్టమీ, చిన్న అండాశయ తిత్తులు. తరువాత సిజేరియన్ మచ్చ లేని, చిన్న సైజు గర్భసంచికి లాప్రోస్కోపీ హిస్టెరెక్టమీ. ఆపైన మచ్చలు ఉన్నవి, పెద్ద ఫైబ్రాయిడ్లు. పేగును అంటుకున్న లోతైన ఎండోమెట్రియోసిస్ వంటి కేసులను పేగుల శస్త్రవైద్యుడు పక్కనుండే విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలకు పంపండి. పంపేటప్పుడు రోగితోపాటు మీరూ వెళ్లి, అక్కడి సర్జన్ అనుమతితో ఆ ఆపరేషన్‌లో చేయి కలపండి. రోగికి తెలిసిన ముఖం పక్కన ఉంటుంది, ఆపరేషన్ తరువాతి వైద్యం మీ దగ్గరే సాగుతుంది, తరువాతి కేసులో ఎంతవరకు మీ థియేటర్‌లో చేయవచ్చో మీకే తెలుస్తుంది.